చంటిబిడ్డను చూసుకునే కేంద్రమా, తల్లి ఖాతాలో డబ్బా? (ఒక ఆన్‌లైన్ గ్రూపులో ముగ్గురి చర్చ)

చంద్రగిరి మాస్టారు:
తిరుపతి లాడ్జీల్లో గదులు శుభ్రం చేసేవాళ్లు, పూలు కట్టి అమ్మేవాళ్లు, సీజన్‌లో చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లు... ఇలాంటి తల్లుల పసిపిల్లల కోసం రోజంతా నడిచే కేంద్రాలు పెట్టాలని కొందరు అడుగుతున్నారు. నా మటుకు ఆ డబ్బు తల్లి ఖాతాలో వేయడమే మేలు. అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి. వాటినే సరిగ్గా నడపలేనప్పుడు కొత్తవి దేనికి? అయినా అవ్వ దగ్గర పెరిగినంత బాగా బిడ్డ ఇంకెక్కడ పెరుగుతుంది?

కొర్లగుంట అక్క:
అవ్వ దగ్గరుంటే కదా సార్. మేం పల్లె వదిలి పనికోసం వచ్చినవాళ్లం. మా అత్త అక్కడే ఆవును చూసుకుంటూ ఉండిపోయింది.

నేను ఆరేళ్లు లాడ్జీలో పనిచేశాను. పొద్దున ఆరింటికి డ్యూటీ. భక్తులు గది ఖాళీ చేయగానే దుప్పట్లు మార్చి, బాత్‌రూమ్ కడిగి ఇంకొకరికి ఇవ్వాలి. మా వీధి అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదింటికి. అందుకని ఏడాదిన్నర చిన్నదాన్ని మూడో తరగతి చదివే పెద్దదానికి అప్పజెప్పి, మెత్తగా పిసికిన సంగటి గిన్నెలో మూతపెట్టి పోయేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి చూస్తే, పెద్దది చీర ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతూ, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని ఎక్కాలు రాసుకుంటోంది. ఆ నెలలో పదకొండు రోజులు బడికి రాలేదని టీచర్ చెప్పేదాకా నాకు లెక్కే తెలియదు.

డబ్బు వద్దనను. చదువుకునే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు 2025లో చాలామంది తల్లుల ఖాతాల్లో పడింది. కానీ అది ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకానే. చంటిబిడ్డకు కూడా ఇచ్చారనుకోండి, ఆ డబ్బు పట్టుకుని బిడ్డను ఎక్కడ వదలాలి? మా వెనక వీధిలో ఒకామె పిల్లల్ని చూసుకునేది. ఒకటే గది, పద్నాలుగు మంది పిల్లలు, పొద్దస్తమానం టీవీ.

శ్రీసిటీ బస్సు:
చట్టాల సంగతి కూడా చూడండి మాస్టారూ. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సవరణ తర్వాత చెప్పేది. 50 మంది ఉద్యోగులుంటే క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం, పెట్టాలని 2017లో ప్రసూతి చట్టానికి సవరణ తెచ్చారు. పన్నెండు మంది పనిచేసే లాడ్జీకి ఇవేవీ వర్తించవు. పూలమ్మే ఆమెకైతే యజమానే లేడు. 2022లో వచ్చిన కేంద్ర పథకం ‘పాల్నా’లో అంగన్‌వాడీతోపాటే క్రెష్ పెట్టుకోవచ్చు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. దాన్నే పొద్దున ఆరు నుంచి మొదలుపెట్టమని అడగాలి.

చంద్రగిరి మాస్టారు:
వేళల మాట ఒప్పుకుంటున్నా. అక్కడా ఆ పద్నాలుగు మంది గదే తయారవుతుందని నా భయం.

శ్రీసిటీ బస్సు:
ఆ భయం నాకూ ఉంది. అమెరికాలో మిషిగన్‌లో 1960లలో పెర్రీ ప్రీస్కూల్ అని నడిపారు. 123 మంది పేద పిల్లల్ని తీసుకుని, కొందర్నే ఆ బడిలో చేర్చి, అందర్నీ నలభై ఏళ్ల వయసు దాకా గమనించారు. బడిలో చేరినవాళ్లు ఎక్కువ సంపాదించారు, తక్కువగా అరెస్టయ్యారు. అక్కడ ఒక్కో టీచర్‌కు ఐదారుగురు పిల్లలే, ఆ టీచర్లు శిక్షణ పొందినవాళ్లు. మన దగ్గర 11,500 రూపాయల గౌరవ వేతనం చాలదని అంగన్‌వాడీ టీచర్లు 2023 డిసెంబరులో సమ్మెకు దిగి 42 రోజులు చేశారు. గోడలకు రంగులేసే డబ్బుంటే ముందు ఇంకో ఆయాను పెట్టి, ఉన్నవాళ్ల జీతం పెంచాలి. పసిబిడ్డను ఎత్తుకునే చేతులు చాలినన్ని లేకపోతే ఎన్ని బొమ్మలు కొన్నా దండగే.

కొర్లగుంట అక్క:
మా వీధి ఆయమ్మ ఒక్కతే వండాలి, కడగాలి, పిల్లల్ని చూడాలి. ఆమెను తప్పుపట్టలేం. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో పదిమందిమి అర్జీ ఇస్తున్నాం. ఆరింటికి తెరవాలి, మూడేళ్లలోపు పిల్లల కోసం ఇంకో మనిషిని వేయాలి. ఈ రెండే అడుగుతున్నాం. రాసింది ఇక్కడ పెడతాను, మాస్టారూ, మీరొకసారి చూసి తప్పులు దిద్దిపెట్టండి.