బీడు మళ్లీ చిట్టడవి అయితే పిట్టలు తిరిగొచ్చినట్టేనా?

మెట్టరైతు: మా నాయన నిమ్మతోటకని చదును చేసిన మూడెకరాలు నీళ్లు లేక పద్నాలుగేళ్లుగా బీడు పడి ఉంది. రేగు, కలివి, బలుసు, పరికి వాటంతటవే లేచాయి. పికిలిపిట్టలు రేగుపండ్లు తిని రెట్టేసిన చోటల్లా కొత్త మొలకలే. సంక్రాంతి అయ్యాక ఒక పొద్దున గంటసేపు కూర్చుంటే పంతొమ్మిది రకాల పిట్టలు లెక్కకొచ్చాయి. చిట్టడవి ఒకసారి కొడితే ఇక పోయినట్టే అనేవాళ్లు దీనికేమంటారు?

లంకమలబాట: ఆ పంతొమ్మిదీ ఏవేవి అన్నా? పికిలి, గోరింక, గువ్వ, తీతువు, జెముడుకాకి అయితే అవి ఊరి పెరట్లోనూ ఉంటాయి. ఎన్ని వచ్చాయన్నది కాదు, ఏవి రాలేదన్నది చూడాలి. కలివికోడినే తీసుకోండి. 1848లో జెర్డాన్ అనే తెల్లదొర, పిట్టల పరిశోధకుడు, లోకానికి చెప్పిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. 1986లో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఊరి వేటగాడు రాత్రిపూట పట్టుకునేదాకా అంతరించిందనే అనుకున్నారు. అది గుబురులో ఉండదు, బోడినేలలోనూ ఉండదు. పొదల మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి. పరిశోధకులు కెమెరాలు పెట్టి, మెత్తటి మట్టి పరిచి అడుగులు చూసి తేల్చిన మాట ఇది: ఆరడుగులు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉండాలి. మీ బీడులో అలా ఉందా?

పికిలి_77: గంటలో పంతొమ్మిదా? కళ్లతో చూసినవేనా?

మెట్టరైతు: పదిహేను చూశాను, నాలుగు కూతలు విన్నాను. కౌజు కూత నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

పికిలి_77: అయితే పదిహేనే. విన్నవి కలపకూడదు.

మెట్టరైతు: ఎందుకు కలపకూడదు? కలివికోడిని కూడా పొద్దుగూకాక కూతను బట్టే వెతికారు. దానికో న్యాయం, నా కౌజుకో న్యాయమా?

లంకమలబాట: కూత లెక్కేలే, వదిలేయండి. నా ప్రశ్న తొర్రల గురించి. పాలపిట్ట, గుడ్లగూబ, చిలుక తొర్రలో గుడ్లు పెడతాయి. పద్నాలుగేళ్ల రేగు చెట్టుకు తొర్ర ఎక్కడిది?

అనంతబీడు: మా దగ్గర బీడంతా సర్కారు తుమ్మే. దాని కింద గడ్డి కూడా సరిగా మొలవదు. అన్ని బీళ్లూ ఒకటి కాదు.

రోళ్లపాడు_వైపు: బట్టమేక పిట్ట, అదే నేల మీద తిరిగే ఆ పెద్ద అరుదైన పిట్టకు కావలసింది గడ్డినేల. అక్కడ చెట్లు లేస్తే రకాలు పెరిగాయని సంతోషిస్తామా?

మెట్టరైతు: పాలపిట్ట మా గట్టునే ఉంది సార్. పాత నల్లతుమ్మ తొర్రలో ఏటా పిల్లల్ని లేపుతుంది. నాయన ఆ చెట్టు ఒక్కటీ కొట్టనియ్యలేదు.

లంకమలబాట: నేను చెప్పేదీ అదే. ఆ పిట్ట మీ బీడు వల్ల రాలేదు, కొట్టకుండా మిగిల్చిన చెట్టు వల్ల ఉంది.

మెట్టరైతు: ఏది చెప్పినా మీ మాటే గెలవాలా? మా చిన్నాయన చేలో ఇలాగే పొదలు లేస్తే, ఇది అడవి భూమి కాదా అని ఒక ఆఫీసు చుట్టూ మూడేళ్లు తిప్పారు. పాసుపుస్తకం చేతిలో ఉండి కూడా. మీరొచ్చి పిట్టల లెక్క రాసే యాప్‌లో అరుదైన పిట్ట అని ఎక్కిస్తే రేపు నా గతేంటి? కాలువకు పొదలు పెరికినప్పుడు ఎవరు అడిగారు?

లంకమలబాట: అడిగారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి ఉండే చోటికే వస్తే పిట్టల పరిశోధకులు గొడవ చేసి దారి మార్పించారు. అది సరే. ఒక్క మాట సూటిగా చెప్పండి, ఆ బీడు చదును చేయబోతున్నారా?

మెట్టరైతు: వచ్చే గురువారం జేసీబీ వస్తోంది. బోరులో నీళ్లు పడ్డాయి. మా పాప ఇంజనీరింగ్ ఫీజు మీరు కడతారా? కొట్టినా మళ్లీ లేస్తుందని నా కళ్లతో చూశాను కాబట్టే అంత గట్టిగా చెప్పాను.

లంకమలబాట: ఇప్పుడు లేచింది పద్నాలుగేళ్లు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. తోట వేశాక దానికి మళ్లీ పద్నాలుగేళ్లు ఎవరిస్తారు? ఫీజు నేను కట్టలేను. చదును ఆపమని అడిగే హక్కూ నాకు లేదు. గట్టు వెంబడి పది గజాల పొదలు, ఆ నల్లతుమ్మ వదలండి. మార్చి నుంచి గూళ్ల కాలం, ఆ వైపు జూన్ దాకా మిషను పోనివ్వకండి.

పికిలి_77: తుమ్మ ఫొటో పెట్టన్నా.

మెట్టరైతు: గట్టు మా అన్నతో ఉమ్మడి, రాత్రికి అడుగుతాను. తుమ్మను ఎవరూ ముట్టుకోరు, అది నాయన మాట. పొదల సంగతి మాత్రం మాట ఇవ్వలేను.