స్కాన్‌లో ప్లీహం బాగానే ఉంది, నాడి చూసినాయన బలహీనం అంటున్నారు

గుణుపురం_వంశధార:
మా పిన్నికి రెండు నెలలుగా తిన్నాక కడుపు బరువు, పలచటి విరేచనాలు, నీరసం. రాయగడలో ఆక్యుపంక్చర్ చేసేవారు నాలుక, నాడి చూసి "ప్లీహం బలహీనం, తేమ పట్టింది" అన్నారు. అల్ట్రాసౌండ్‌లో ప్లీహం మామూలుగానే ఉంది. ఎవరి మాట పట్టుకోవాలి?

నాగావళి_గట్టు:
ఇద్దరూ వేర్వేరు సంగతులు చెప్తున్నారండి. చైనా వైద్యంలో ప్లీహం పని తిన్నదాన్ని సారంగా మార్చి పైకి పంపడం, రక్తాన్ని నాళాల్లో నిలిపి ఉంచడం. డాక్టర్ల లెక్కలో మొదటిది పేగులు, క్లోమం చేసే పని, ప్లీహం స్కాన్‌లో ఎలా కనబడుతుంది? దానికి జత జీర్ణాశయం: ప్లీహానికి తేమ పడదు, జీర్ణాశయానికి పొడి పడదు. నాలుక పాలిపోయి, ఉబ్బి, అంచుల్లో పళ్ల గుర్తులు పడి, పైన తెల్లగా జిడ్డు పూత ఉంటే ఆ మాట అంటారు. నాడి అయితే కుడి మణికట్టు మీద మధ్యవేలి కింద చూస్తారు. వాళ్ల లెక్కలో సాన్‌జియావ్ అనే అవయవం కూడా ఉంది, దాన్ని కోసి చూపించడం ఎవరి తరమూ కాదు!

కొరాపుట్_కాఫీ:
కోపమో దిగులో వచ్చినప్పుడే నొప్పి లేచి, విరేచనం కాగానే తగ్గుతోందా? అయితే వాళ్ల లెక్కలో అసలు దోషి కాలేయం. కాలేయం కొయ్య, ప్లీహం మట్టి. కొయ్య మితిమీరితే మట్టిని అణిచేస్తుంది. అప్పుడు ఒక్క ప్లీహానికే బలం పెడుతూ పోతే తగ్గదు. కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఈ అయిదింటినీ మన పంచభూతాలతో కలపొద్దు, గాలీ ఆకాశమూ అందులో లేవు.
తిండిలో చల్లటి పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం), ఫ్రిజ్ నీళ్లు, పచ్చి దోసకాయ, మిఠాయిలు తగ్గించి వేడి చోడంబలి (రాగి అంబలి), మెత్తటి అన్నం, అల్లం పెట్టమంటారు. ఇంట్లో నొక్కడానికి జుసాన్‌లీ బిందువు: మోకాలిచిప్ప కింద బయటివైపు గుంట నుంచి పిన్నిగారి నాలుగు వేళ్ల వెడల్పు కిందికి, కాలి ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి. సూదులైతే ప్రతిసారీ కొత్త ప్యాకెట్ విప్పాలి.

ఆసుపత్రి_వైపు:
అంబలి సరే, మన జిల్లాల్లో మలేరియా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) రెండూ ఉన్నాయి, రెండూ అసలు ప్లీహాన్నే పట్టుకుంటాయి. సికిల్ సెల్‌లో చిన్నప్పుడు ఉబ్బిన ప్లీహం పెద్దయ్యేసరికి కుంచించుకుపోవచ్చు, కాబట్టి "బల్ల లేదు", అంటే ప్లీహం ఉబ్బలేదు, అన్నంత మాత్రాన వదిలేయకండి. రెండు నెలల విరేచనాలకు హిమోగ్లోబిన్, మలం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు ముందు చేయించండి. మలంలో రక్తం, బరువు తగ్గడం, చలిజ్వరం ఉంటే ఈ రోజే వెళ్లండి. పేరు రాయని మూలికల పొడి ఇస్తే వద్దనండి. సన్నబడటానికి వాడే చైనా మూలికల్లో అరిస్టోలోకియా అనే మొక్క కలిసి బెల్జియంలో కిడ్నీలు పాడైన సంగతి 1993లోనే బయటపడింది.

గుణుపురం_వంశధార:
పళ్ల గుర్తులు ఉన్నాయి, కోపానికీ నొప్పికీ సంబంధం లేదు. రేపు రక్తపరీక్షకు తీసుకెళ్తాను.