అరచేయంత చేప, ఎర తినేసి పోతోంది: ఏమిటిది? (డల్లాస్)

ఫ్రిస్కో నుంచి: అందరికీ నమస్కారం. ఈ మధ్యనే టెక్సాస్ వచ్చాం. మా కాలనీ చెరువు ఒడ్డున జిలేబీ చేపల్లాంటి చిన్న చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. గాలం వేస్తే ఎర తినేసి పోతున్నాయి. ఇవేం చేపలు? వండుకోవచ్చా?

గార్లండ్ నుంచి: జిలేబీ కాదండీ, సన్‌ఫిష్ జాతి. చాలావరకు బ్లూగిల్ అయి ఉంటుంది. మొప్ప మూత చివర చెవిలా ఒక రేకు ఉంటుంది, ముందు అది చూడండి. బ్లూగిల్‌కు అది అంచు దాకా నల్లన; నోరు బాగా చిన్నది; వీపు రెక్క వెనుక భాగంలో నల్ల మచ్చ. గ్రీన్ సన్‌ఫిష్‌కూ ఆ మచ్చ ఉండవచ్చు కనుక మచ్చ ఒక్కటే చూసి తేల్చకండి. దాని నోరు పెద్దది, చెంపల మీద నీలి గీతలు. రేకు అంచున ఎరుపో నారింజో ఉంటే రెడ్‌ఇయర్, నత్తలు నమిలే రకం. రేకు పొడుగ్గా సాగి, పొట్ట నారింజ రంగులో మెరిస్తే లాంగ్‌ఇయర్. ఈ జాతులు ఒకదానితో ఒకటి కలిసి సంకర చేపలనూ పుట్టిస్తాయి. అలాంటిది చిక్కితే పేరు కోసం తల బద్దలు కొట్టుకోకండి.

ఎర పోతున్నదంటే కొక్కెం పెద్దదని అర్థం. 8 లేదా 10 నంబరు వాడండి. ఇక్కడ నంబరు పెరిగితే కొక్కెం చిన్నదవుతుంది. వానపాము మొత్తం గుచ్చకుండా గోరంత ముక్క చాలు. బెండు కూడా చిన్నదే కట్టండి. పెద్ద బెండు మీద దీని కొరుకుడు తెలియదు. నీరు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వేడెక్కాక మగచేపలు ఒడ్డు పక్కనే గుండ్రటి గుంటలు చేసి గుడ్లకు కాపలా కాస్తాయి. అప్పుడు పట్టడం తేలిక, కానీ వాటిని వదిలేయడమే నాకు ఇష్టం. పట్టుకునేటప్పుడు వీపు ముళ్లను తల నుంచి తోక వైపు అరచేత్తో అణచండి.

ఇర్వింగ్ నుంచి: లైసెన్సు సంగతి ఎవరూ చెప్పలేదు! 17 ఏళ్లు నిండితే తప్పనిసరి. ఆరు నెలలు ఇక్కడ నివసించే దాకా మీకు బయటి రాష్ట్రం వారి రేటే పడుతుంది. ప్రస్తుతానికి ఒకరోజు లైసెన్సు చాలు. స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి పడితే అదీ అక్కరలేదు, ప్రవేశ రుసుము కడితే సరి. సీడర్ హిల్ స్టేట్ పార్కుకు వెళ్లండి. కాలనీ చెరువైతే ముందు సంఘం వారిని అడగండి.

గార్లండ్ నుంచి: నిజమే, మరిచాను. వంట సంగతికొస్తే, కాలనీ చెరువు చేపను నేనైతే తినను. పచ్చిక మీద చల్లే మందులన్నీ వానకు అందులోకే చేరతాయి. సరస్సు చేపనే పొలుసు తీసి, గాట్లు పెట్టి, ఉప్పు కారం పట్టించి వేపండి. పులుసుకు వద్దు, ముళ్లు ఏరలేరు.