పుట్టబోయే బిడ్డకు టేకు సొరుగుల బీరువా: చెక్క ఎక్కడిది వాడాలి?

అడిగినవారు: కందుకూరు కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. మా ఆవిడకు ఏడో నెల. సీమంతం చేసి కనిగిరిలో పుట్టింటికి తీసుకెళ్లారు, పురుడు అక్కడే. శ్రావణంలో కాన్పు అంటున్నారు. సంక్రాంతికి, అంటే ఐదో నెలలో, బిడ్డతో ఇక్కడికి వస్తుంది. ఈలోగా బిడ్డ బట్టలకు గట్టి చెక్కతో సొరుగుల బీరువా నా చేత్తోనే చేయాలని ఉంది. స్టూళ్లు, పుస్తకాల అర, పూజ మందిరం ఇదివరకే చేశాను. సొరుగులు మాత్రం ఇదే మొదలు.

అనుకున్న కొలతలు: వెడల్పు 32 అంగుళాలు, లోతు 18, ఎత్తు 36. పైన పక్కపక్కనే రెండు చిన్న సొరుగులు, కింద మూడు పెద్దవి. పైపలక మీద చిన్న పరుపు వేసి అక్కడే డైపర్ మార్చుకోవచ్చని మా ఆవిడ ఆలోచన.

చెక్కకు మూడు దారులున్నాయి. మామగారి పొలం గట్టున పన్నెండేళ్ల టేకు చెట్లున్నాయి, రెండు కొట్టించుకోమంటున్నారు. లేదంటే మా తాతల నాటి మిద్దె పడగొట్టినప్పటి తలుపులు, కిటికీలు, దూలాలు కొట్టంలో పడి ఉన్నాయి. తలుపుల మీద ఆకుపచ్చ రంగు పెచ్చులు లేస్తోంది. అదీ కాదంటే నెల్లూరు వెళ్లి టింబర్ డిపోలో కొనడమే. ఏది మంచిది? బిడ్డ నోరు పెట్టినా ఇబ్బంది లేని పాలిష్ ఏది? అమ్మేమో బిడ్డ పుట్టకముందే సామాను చేయడమేంటని గొణుగుతోంది. దానికి మందు నా దగ్గర లేదు.

కావలి మేస్త్రి:

బాబూ, పొలం టేకు సంగతి మర్చిపో. పన్నెండేళ్ల చెట్టులో చేవ, అంటే నడిమి గట్టి చెక్క, కాస్తే ఉంటుంది, చుట్టూ అంతా తెల్ల చెక్కే. పురుగు పట్టేది ఆ తెల్ల చెక్కకే. పైగా పచ్చిది. సొంత గట్టు మీద చెట్టయినా టేకు కొట్టి తరలించాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఆ చెట్లను పుట్టబోయే బిడ్డ పెళ్లి మంచానికి ఉంచమను.

డిపోలో అడిగితే ప్రతివాడూ ఆరిన చెక్కే అంటాడు. దుంగ ఏడాదిగా బయట పడి ఉన్న మాట నిజమే కావచ్చు, కానీ లోపల తడి తడిగానే ఉంటుంది. కోసిన తర్వాతే అది అసలు ఆరడం మొదలుపెట్టేది. మన పని చెడేది చెక్క పేరు వల్ల కాదు, ఈ తడి వల్ల.

నా ఓటు దూలాలకే. అన్నేళ్లు కప్పు కింద ఉన్న చెక్క ఇక కొత్తగా ఆరాల్సింది ఏమీ ఉండదు. అయితే అది టేకు అవునో కాదో ముందు చూసుకో. ఒక మూల చిత్రిక పట్టు. లోపల బంగారపు గోధుమ రంగు, వేలికి కొంచెం జిడ్డు, పాత తోలు లాంటి వాసన ఉంటే టేకే. మన వైపు పాత మిద్దెల్లో ఏగిస, నల్లమద్ది కూడా వేసేవాళ్లు. ఏగిస అని అనుమానం ఉంటే చిత్రిక పొట్టు గుప్పెడు గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచు. నీళ్లకు రంగు దిగి, వెలుగులో నీలిగా మెరిస్తే ఏగిస. గట్టిదే, కానీ చెమ్మ తగిలితే బట్టకు పసుపు మరక అంటిస్తుంది. సొరుగుల లోపలికి పనికిరాదు.

ఇంకో సంగతి. మేకులున్న పాత చెక్క అంటే కోత మిల్లువాళ్లు రంపం పాడవుతుందని ముట్టుకోరు. కొట్టంలోనే కూర్చుని గట్టి అయస్కాంతం దూలం పొడవునా నాలుగు వైపులా నడిపించు. లాగిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి, విరిగిన మేకు అయితే చుట్టూ ఉలితో తవ్వి పీకు. మేకు చుట్టూ నల్లగా మారిన చెక్క కూడా తీసేయాల్సిందే. దీనికి పట్టే ఓపిక బీరువా చేయడానికి కూడా పట్టదు.

ఒంగోలు నర్సు అక్క:

తమ్ముడూ, నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. ఆ ఆకుపచ్చ తలుపుల జోలికి పోవద్దు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసినది, అందులోనూ మీ తాతల నాటిది అంటే సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని పొడిగా ఉప్పు కాగితంతో రుద్దితే దుమ్ము, మంటతో కాలిస్తే పొగ. రెండూ గర్భిణికీ పసిబిడ్డకూ చెడ్డవే. ఆ పెచ్చులు కొట్టంలో రాలుతుంటే చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి తీసేయండి.

చెక్క కాదు గానీ, అంతకన్నా ముఖ్యమైనది ఒకటి చెబుతాను. సొరుగుల్లో కలరా ఉండలు వేయొద్దు. మన ఇళ్లలో చీరల బీరువాకు వేసినట్టే బిడ్డ బట్టలకూ వేసేస్తారు. అందులో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో తెలియదు. బిడ్డ బట్టలు ఎండలో ఆరేసి మడత పెడితే చాలు.

చీమకుర్తి అమ్మమ్మ:

అబ్బాయ్, మీ అమ్మతో వాదన పెట్టుకోకు. దాన్ని బిడ్డ బీరువా అనడం మానేసి ఇంటికి బీరువా చేస్తున్నానని చెప్పు. బట్టలు బారసాల అయ్యాకే సర్దండి. పని నీదీ అవుతుంది, మాట ఆమెదీ నిలుస్తుంది.

పైపలక మీద డైపర్ మార్చే ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో వంగకుండా ఉండటానికి అలాంటిది బాగానే ఉంటుంది. కానీ ఆ వారాలు అమ్మాయి కనిగిరిలో ఉంటుంది కదా. మీ ఇంటికి వచ్చేసరికి ఐదో నెల. బిడ్డ బోర్లా పడుతుంటుంది. ఆ వయసు బిడ్డను 36 అంగుళాల ఎత్తున పడుకోబెట్టి పక్కకు తిరిగి గుడ్డ అందుకోగలవా? మంచం మీద, చాప మీద మార్చుకోండి. బీరువా ఎత్తు తగ్గించు.

కందుకూరు కుర్రాడు:

అమ్మమ్మగారూ, ఈ ఐదో నెల లెక్క మాకు తట్టనే లేదు. మా ఆవిడకు చెబితే తనూ సరేనంది. ఎత్తు 30కి దించుతున్నాను, పెద్ద సొరుగులు రెండే.

మేస్త్రి గారూ, దూలం మూల చిత్రిక పట్టి చూశాను, టేకే. మొత్తం ఎంత చెక్క పడుతుంది? దూలాలు చాలకపోతే మిగతాది డిపోలో కొంటాను, అది ఆరిందని ఎలా తెలుస్తుంది? సొరుగులు జారడానికి టెలిస్కోపిక్ చానళ్లు, అంటే ఇనుప పట్టాలు వేయాలా, చెక్క గాడులా?

కావలి మేస్త్రి:

30 ఎత్తుకు చెక్క మూడు ఘనపుటడుగులు దాటుతుంది. తరుగు కలుపుకుని నాలుగున్నర దగ్గర పెట్టుకో. పాత చెక్కకు తరుగు ఇంకా ఎక్కువే.

ఆరిందో లేదో తెలియాలంటే తేమ మీటరు ఉంటే మంచిది. లేకపోతే వంటింటి కాటా చాలు. పలక చివర కాకుండా లోపలి నుంచి జానెడు ముక్క కోసి తూచి, బరువు దాని మీదే రాయి. మిగతా పలకలతో పాటే నీడలో, మధ్యలో పుల్లలు పెట్టి గాలాడేలా పేర్చు. వారానికోసారి తూచు. ముక్క చిన్నది, పలకల కన్నా ముందే ఆరుతుంది. అందుకని దాని బరువు తగ్గడం ఆగాక కూడా పలకలను ఇంకొన్ని వారాలు కదిలించకు.

ఇప్పుడు సొరుగుల సంగతి. టేకు పచ్చి నుంచి పూర్తిగా ఎండేలోపు వెడల్పులో 5 నుంచి 6 శాతం దాకా కుంచించుకుంటుంది. పొడవులో దాదాపు ఏమీ ఉండదు. ఇంట్లో అంత తేడా రాదు గానీ, రోహిణి ఎండలకూ కార్తీకం ముసురుకూ మధ్య 8 అంగుళాల సొరుగు ముఖం మిల్లీమీటరున్నర దాకా ఉబ్బగలదు. మన నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే కాబట్టి బిడ్డ వచ్చేముందే ఈ పరీక్ష ఎదురవుతుంది. నువ్వు ఎండల్లో చేస్తున్నావు గనక ప్రతి సొరుగు పైన 2 మిల్లీమీటర్ల సందు వదులు. చూడ్డానికి వదులుగా ఉందే అని కంగారు పడకు. అదే వానల్లో చేస్తుంటే సగం చాలనేవాణ్ని.

తొలిసారి కాబట్టి చానళ్లే వాడు. ఒక్కో పక్క అరంగుళం చోటు పడుతుంది, సొరుగు పెట్టె కొలతలో ముందే తగ్గించుకో. చానల్ ఇనుము, సాగదు. పక్క పలకేమో నారకు అడ్డంగా, ముందు నుంచి వెనక్కి ఉబ్బుతుంది. 18 అంగుళాల పలక 3 మిల్లీమీటర్ల పైనే కదులుతుంది. అందుకే చానల్‌లో గుండ్రటి బెజ్జాలతో పాటు అడ్డంగా కోలగా ఉన్నవి కూడా ఇస్తారు. ముందు స్క్రూ గుండ్రటి దాంట్లో బిగించు, వెనక స్క్రూలు కోల బెజ్జాల మధ్యలో వేసి కొంచెం వదులుగా ఉంచు. ఇది తెలియక అన్నీ బిగించేస్తే పలక ఎక్కడో ఒకచోట నెర్రె ఇస్తుంది. సొరుగుల మధ్య చట్రాలకూ అంతే, ముందు వైపే జిగురు, వెనక గాడిలో ఊరికే దూర్చి వదిలెయ్. పైపలకను కింద నుంచి పొడవాటి బెజ్జాల్లో స్క్రూలతో పట్టు. జిగురు పెట్టకు.

టేకు జిడ్డు చెక్క. చిత్రిక పట్టిన రోజే ఫెవికాల్ పెట్టు, మర్నాడు కాదు. పొడి పీలిస్తే, ఒంటికి పడితే కొందరికి దద్దుర్లు, ఆయాసం. మాస్కు వేసుకో.

పాలిష్ లోపలకు ఒకటి, బయటకు ఒకటి. సొరుగుల లోపల నూనె పూయకు, మూసిన చోట వాసన పోదు. స్పిరిట్‌లో కరిగించిన లక్క పలచగా ఒక పూత చాలు, మందుబిళ్లల పైపూతకు వాడేది కూడా ఆ లక్కే. పైపలక మీద పాలసీసాలు పెడతారు, లక్క మీద తడి గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది. అక్కడ నీళ్లలో కలిసే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వెయ్యి. అవిసె నూనె వాడాలని ఉంటే బయట పక్కలకు వాడుకో, కానీ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్‌లో వేయాలి. పాలిష్ అంతా భాద్రపదం దాటకుండా ముగించు. ముసురు గాలిలో స్పిరిట్ పాలిష్ తెల్లగా పాలిపోతుంది. సంక్రాంతి దాకా సొరుగులు తీసి పెడితే వాసన దానంతట అదే పోతుంది.

వెనక పలకకు, సొరుగుల అడుగుకు ప్లైవుడ్ కొంటే ఈ1 గానీ ఈ0 గానీ అని అడుగు. చవక ప్లైలో జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే చెడ్డ వాయువు వస్తూనే ఉంటుంది, ఆ గుర్తులు అది తక్కువ వదిలే ప్లైకి.

డాలస్ నెల్లూరోడు:

అన్నా, అందరూ చెక్క గురించే మాట్లాడుతున్నారు. ఆరిన టేకు ఘనపుటడుగు దాదాపు 18 కిలోలు. అంటే మీ బీరువా ఖాళీగానే 50 కిలోల పైన. పిల్లలు నడక నేర్చుకోగానే సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. ఇక్కడ అమెరికాలో అలా మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనల వల్లే 2022 డిసెంబరులో చట్టం తెచ్చారు. 2023 సెప్టెంబరు నుంచి 27 అంగుళాలు, ఆపైన ఎత్తుండే బట్టల బీరువాలన్నీ 60 పౌండ్ల, అంటే 27 కిలోల, పిల్లవాణ్ని దృష్టిలో పెట్టుకున్న పరీక్షలకు నిలబడాలి. మీది 30, ఆ లెక్కలోకే వస్తుంది.

ఇంట్లో పరీక్ష సులువు. ఖాళీ బీరువాలో సొరుగులన్నీ బయటికి లాగి, పై సొరుగు ముందు అంచున బియ్యం మూట పెట్టండి. మన 25, 26 కిలోల బస్తా సరిపోతుంది. ఇద్దరు వెనక పట్టుకుని ఉండాలి. వెనక కాళ్లు లేచాయంటే గోడకు కట్టాల్సిందే. లేవకపోయినా కట్టండి. సొరుగులకు పిడులు బిగించకుండా ముఖం కింది అంచున వేలు పట్టేంత గాడి తీస్తే ఎక్కడానికి ఆసరా తగ్గుతుంది, నోట్లోకి ఊడివచ్చేదీ ఉండదు.

కందుకూరు కుర్రాడు:

గోడకు కట్టాలంటే ఒక చిక్కు. ఆ గది గోడ పాత ఇటుక, మట్టి అడుసుతో కట్టింది. రావల్ ప్లగ్గు కొడితే పిండిలా రాలి వదులైపోతోంది.

కావలి మేస్త్రి:

అడుసులో కొడితే నిలవదు, ఇటుక మధ్యలో పడాలి. పెచ్చు కొంచెం గీకి ఇటుక ఎక్కడుందో చూసుకో. డ్రిల్లులో హ్యామర్ ఆపేసి మామూలుగా తిప్పు, నాలుగంగుళాల ప్లగ్గులు వాడు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం టేకు బద్ద ఒకటి బీరువా వెడల్పంతా అడ్డంగా గోడకు వేసి, నాలుగైదు వేర్వేరు ఇటుకల్లోకి స్క్రూలు దించు. ఒక ఇటుక కదిలినా మిగతావి పట్టుకుంటాయి. ఆ బద్దకు బీరువా పై చట్రాన్ని రెండు ఎల్ పట్టీలతో బిగించు. వెనక ప్లైవుడ్‌కు బిగిస్తే ఊడి చేతికొస్తుంది, చట్రానికే వెయ్యి. బద్ద పట్టడానికి వెనక అంగుళం సందు వస్తుంది. దానివల్ల గోడ చెమ్మ తగలదు, చెదలు ఎక్కితే కనపడతాయి. కింద కాళ్ల దగ్గర కూడా అంతే ఎడం ఉంచు, చీపురు దూరాలి.