మసాచుసెట్స్‌లో సెప్టిక్ ఉన్న ఇల్లు కొంటున్నాం, టైటిల్ 5 పాస్ అయితే చాలా?

కొత్త_ఇల్లు (ప్రశ్న):

నమస్తే అండి. 495 హైవే దాటాక ఒక టౌన్‌లో ఇల్లు చూశాం, ఇంట్లో అందరికీ నచ్చింది. కాకపోతే ఆ వీధికి టౌన్ డ్రైనేజీ లేదు, సెప్టిక్, అంటే ఇంటి మురుగునీరు మన స్థలంలోనే ట్యాంక్‌లోకి, అక్కణ్ణుంచి నేలలోకి పోతుంది. ఇన్నేళ్ళూ అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాం కాబట్టి దీని గురించి మాకు ఓనమాలు కూడా తెలియవు. టైటిల్ 5 ఇన్‌స్పెక్షన్ (రాష్ట్ర సెప్టిక్ నిబంధనల ప్రకారం చేసే తనిఖీ) పాస్ అయింది, ఇంకేం చూడక్కర్లేదు అని సెల్లర్ ఏజెంట్ అంటున్నారు. కానీ ఇల్లు చాలా నెలలుగా ఖాళీగా ఉంది. పైగా లిస్టింగ్‌లో 4 బెడ్‌రూమ్‌లు అని రాశారు, రిపోర్ట్‌లో చూస్తే సెప్టిక్ డిజైన్ 3 బెడ్‌రూమ్‌లకే. మా అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడల్లా ఆర్నెల్లు ఉంటారు, మెట్లెక్కలేరు, వాళ్ళ కోసం కింద ఒక గది కట్టించాలని మా ఆలోచన. ఆదివారంలోపు ఆఫర్ పెట్టాలి. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

వర్సెస్టర్_వాసి:

ముందు ఆ పాస్ అన్న మాట పక్కన పెట్టి రిపోర్ట్ మొత్తం చదవండి. అమ్మకానికి ముందు రెండేళ్ళలోపు ఈ ఇన్‌స్పెక్షన్ జరిగి ఉండాలి, ఏటా ట్యాంక్ పంప్ చేయించినట్టు (అంటే ఖాళీ చేయించినట్టు) రికార్డులుంటే మూడేళ్ళ వరకు చెల్లుతుంది. చూసిన రోజున, అప్పటి వాడకంలో సిస్టమ్ ఎలా ఉందో అంతవరకే అది చెబుతుంది. మీరంతా దిగాక ఎలా పనిచేస్తుందో చెప్పదు, ఆ సంగతి ఫారంలోనే రాసి ఉంటుంది.

అందులో ఒక చెక్‌లిస్ట్ ఉంటుంది చూడండి. గత రెండు వారాల్లో ట్యాంక్ పంప్ చేశారా, ఆ రెండు వారాలూ మామూలు వాడకం ఉందా అని అడుగుతారు. మీ విషయంలో అసలు చూడాల్సింది అదే. ఇంట్లో మనుషులే లేకుండా, నీళ్ళే పోకుండా ఉంటే లీచ్ ఫీల్డ్ (ట్యాంక్ నుంచి వచ్చే నీరు పైపుల ద్వారా నేలలోకి ఇంకే చోటు) ఆరిపోయి ఉంటుంది, అది సరిగ్గా ఇంకించుకుంటోందో లేదో ఎవరు చెప్పగలరు?

తర్వాత డీ-బాక్స్ గురించి ఏం రాశారో చూడండి. ట్యాంక్ నుంచి వచ్చే నీటిని లీచ్ ఫీల్డ్ పైపులకు పంచే చిన్న కాంక్రీట్ పెట్టె అది. లోపల నీటి మట్టం బయటికెళ్ళే పైపు అడుగుకి సరిగ్గా ఉండాలి, లీచ్ ఫీల్డ్ మూసుకుపోయి అంతకు మించి నిలిస్తే ఫెయిల్ కిందే లెక్క. ఇప్పుడు నీళ్ళు తక్కువే ఉన్నా, పైపుకి పైన గోడ మీద నల్లగా చార కట్టి ఉంటే ఒకప్పుడు అంతదాకా నిలిచాయన్నమాట. మూత తీసినప్పటి ఫోటోలు అడగండి. ఇవ్వకపోతే మీ తరఫున వేరే ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి, ఆ ఖర్చుకి వెనకాడకండి.

మెట్రోవెస్ట్_అక్క:

గది సంగతి నేను చెప్తాను తమ్ముడూ. ఇక్కడ మనుషుల్ని లెక్కపెట్టరు, బెడ్‌రూమ్‌లనే లెక్కపెడతారు. ఒక్కో బెడ్‌రూమ్‌కి రోజుకి 110 గ్యాలన్లు, అంటే 3 బెడ్‌రూమ్‌ల సిస్టమ్ 330 గ్యాలన్లకి కట్టింది. లిస్టింగ్‌లో నాలుగు అని రాసినంత మాత్రాన నాలుగోది చెల్లిపోదు. ఇక కింద ఇంకో గది కట్టాలంటే టౌన్ ఆరోగ్య విభాగం, అదే బోర్డ్ ఆఫ్ హెల్త్, ఒప్పుకోవాలి, సిస్టమ్ పెంచమంటారు. దానికి ఆఫీస్ రూమ్ అని పేరు పెట్టినా తలుపు, కిటికీ, మంచం పట్టేంత చోటు ఉంటే బెడ్‌రూమ్ కిందే చూస్తారు. పైనున్న ఒక గదిని తలుపు తీసేసి ఓపెన్‌గా చేసి, ఆ బెడ్‌రూమ్ లెక్కని కింద కట్టే గదికి మార్చుకోవచ్చేమో టౌన్‌నే అడగండి, ఒక్కో టౌన్ ఒక్కోలా చూస్తుంది. పెద్దవాళ్ళ కోసమే ఈ ఇల్లు అనుకుంటున్నప్పుడు ఇది తేలకుండా ఆఫర్ పెట్టొద్దు.

కొత్త_ఇల్లు:

చాలా థ్యాంక్స్ అండి. ఇప్పుడే చూశాను, మామూలు వాడకం ఉందా అన్నచోట లేదు అని టిక్ పెట్టి ఉంది! ఏజెంట్ ఈ మాటే ఎత్తలేదు. మరి కొన్నాక ఫెయిల్ అయితే ఖర్చు ఎవరిది?

లీచ్‌ఫీల్డ్_అనుభవం:

క్లోజింగ్ అయిపోయాక, అంటే ఇల్లు మీ పేరు మీదికి వచ్చాక, అంతా మీదే. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి. మామూలుగా ఫెయిల్ అయిన సిస్టమ్‌ని రెండేళ్ళలోపు బాగు చేయించాలి, ఖర్చు సెల్లర్ పెట్టుకోవాలా మీరా అన్నది మీ ఇద్దరి ఒప్పందం. కొంత డబ్బు ఎస్క్రోలో (పని తేలేదాకా మధ్యవర్తి దగ్గర) పెట్టించడం మామూలే, మీ అటార్నీకి చెప్పి కాంట్రాక్ట్‌లో రాయించండి, నోటిమాట నమ్మొద్దు. కొత్త సిస్టమ్ ముప్పై వేల డాలర్లు దాటిపోవడం ఇక్కడ వింతేం కాదు. సొంతంగా ఉండే ఇంటికైతే రాష్ట్రం టాక్స్ క్రెడిట్ ఇస్తుంది. 2023 నుంచి అది ఖర్చులో 60 శాతం, మొత్తం మీద 18,000 డాలర్ల వరకు, ఏడాదికి 4,000 మించకుండా. అంటే డబ్బు ముందు మీరే పెట్టాలి, తిరిగొచ్చేది ఏళ్ళ మీద.

ఇంకోటి, తాగేనీళ్ళకి సొంత బోరు ఉందా? లీచ్ ఫీల్డ్ దానికి 50 అడుగులలోపు ఉంటే అది కూడా ఫెయిల్ కిందికే వస్తుంది, రిపోర్ట్‌లో ఆ దూరం చూడండి, బోరు నీళ్ళ టెస్ట్ విడిగా చేయించండి.

మెట్రోవెస్ట్_అక్క:

టౌన్ బోర్డ్ ఆఫ్ హెల్త్‌లో ఆ ఇంటి సెప్టిక్ ఫైల్ ఉంటుంది తమ్ముడూ, ప్లాన్, పాత రిపోర్ట్‌లు ఉంటే అన్నీ అందులోనే దొరుకుతాయి. రేపు పొద్దున్నే అడ్రస్ చెప్పి అడగండి. శనాదివారాలు ఆఫీస్ ఉండదు.