620 కెమెరాలో 120 రోల్ పట్టడం ల్యా, లోపల అరగదీయొచ్చా?

ప్రొద్దుటూరు_పిల్లోడు:
అన్నలూ, మా జేజినాయన ట్రంకుపెట్టెలో కొడాక్ బ్రౌనీ హాక్ఐ ఫ్లాష్ దొరికింది. షటర్ టక్కుమని పడతాంది, లెన్సు తుడిస్తే బాగానే ఉండాది. ఆన్‌లైన్‌లో 120 సైజు ఫిల్ము రోల్ తెప్పించినా, 400 స్పీడుది (నంబరు పెద్దదైతే తక్కువ వెలుతురు చాలు), పెడితే బిగుసుకుపోయి తిప్పే కీ కదలడం ల్యా, చూస్తే లోపల 620 అని రాసుండాది. ఆ రోల్ యాడా దొరకల్యా. లోపల ప్లాస్టిక్‌ని ఆకురాయితో అరగదీస్తే పడుతుందేమో అనుకుంటాండా, కానీ మా నాయన చిన్నప్పటి ఫొటోలన్నీ దీంతోనే తీసినారు, చేయి ఆడడం ల్యా.

కర్నూలు_రోల్‌ఫిల్మ్:
తమ్ముడూ ఆకురాయి పక్కన పెట్టు, కెమెరా జోలికి పోవద్దు. 620 తయారీని కొడాక్ 1995లోనే ఆపేసింది, కానీ రెండిట్లో ఫిల్ము వెడల్పు ఒకటే, వెనక నల్లకాగితం కూడా ఒకటే. తేడా అంతా ఫిల్ము చుట్టుండే కండెలో, అదే స్పూల్లోనే, 620ది కడ్డీ సన్నం, చివర బిళ్లలు చిన్నవి. నీ 120 రోల్‌కి సీలు తీయకుండానే ఆ ప్లాస్టిక్ బిళ్లల అంచుల్ని గోళ్ల కత్తెరతో చుట్టూ కొంచెం కొంచెం కత్తిరించు, పొట్టు లోపలికి పోకుండా ఊదెయ్. చుట్టుకునే వైపు మాత్రం 620 స్పూలే ఉండాల. కెమెరాలో పాత ఖాళీ స్పూల్ ఉందా? ఉంటే అదే బంగారం, ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు స్పూల్ వెనక్కి కావాలని కవర్ మీద పెద్దక్షరాల్తో రాయి. నాది ఒకటి అట్లే పోయింది, ఇంకోటి దొరికేసరికి ఆర్నెల్లు పట్టింది.

అనంతపురం_నీడ:
పైన అన్న చెప్పింది కరెక్టు. ఇంకోటి, వెనక ఎర్ర కిటికీకి నల్ల టేపు అతికించు, అప్పట్లో చానా ఫిల్ములకి ఎరుపు వెలుతురు అంటేది కాదు, ఇప్పటివాటికి అంటుతుంది. నీడలో టేపెత్తి నంబర్ చూసుకుని మళ్లీ మూసెయ్. పన్నెండు ఫొటోలొస్తాయి. దానికి షటర్ స్పీడు ఒకటే, మార్చుకునేది ఉండదు, మన ఎండకి 400 ఎక్కువైపోతాది, 100 గానీ 125 గానీ తెచ్చుకో. ఈ 400ని పొద్దు వాలినాక, లేదంటే మబ్బు పట్టినపుడు వాడు.

ప్రొద్దుటూరు_పిల్లోడు:
స్పూల్ ఉందన్నా, ఇనపది, కొంచెం తుప్పు పట్టింది గానీ తిరుగుతాంది. బిళ్లలు కత్తిరించినా, ఇప్పుడు కీ మెత్తగా తిరుగుతాంది, ఒకటో నంబరు కనపడింది! ఆదివారం సాయంత్రం గండికోటకి నాయన్ని పిల్చకపోతా, మొదటి ఫొటో ఆయనదే.