మూజువాణి: అందులో ఉన్నది వాణి కాదు, జబాను

సభ్యులకు నమస్కారం. “చట్టసభల్లో వినిపించే మూజువాణి ఓటు అన్న మాటలో వాణి సంస్కృతమే కదా, మరి మూజు ఏమిటి?” అని మొన్న ఇక్కడ ఒక మిత్రులు అడిగారు. వచ్చిన జవాబులన్నీ వాణిని అలాగే ఉంచి మూజుకు మాత్రమే అర్థం వెతికాయి. అసలు ఈ మాటను అలా రెండుగా విరవడమే సరికాదు. ముఁహ్ అంటే నోరు, జబాన్ అంటే నాలుక. ఆ రెండూ కలిసిన హిందుస్తానీ మాట ముఁహ్‌జబానీ, అంటే నోటిమాటగా అని. అదే మన నోట మూజువాణి అయింది. చివరి ‘బానీ’ మనకు బాగా తెలిసిన ‘వాణి’లా వినిపించడం వల్లనే అది ఆ రూపంలో స్థిరపడి ఉంటుందని నా ఊహ.

మా తాతగారు చట్టసభలను ఎన్నడూ చూసినవారు కారు గాని ఈ మాటను రోజూ వాడేవారు. చెరువు కింది మూడెకరాల గురించి ఎవరైనా అడిగితే “అది మూజువాణి కౌలండీ, కాగితం లేదు” అనేవారు. ఆ వాక్యంలో రెండో సగం మొదటి సగానికి అర్థం చెబుతోంది. ఆయన దృష్టిలో మూజువాణికి ఎదురుగా నిలిచేది మౌనం కాదు, రాతకోతలు. ఆ కౌలు గురించి తరువాత తగవు వచ్చినప్పుడు, ఎవరు ఏమన్నారో తేల్చడానికి ఎవరి దగ్గరా ఏ ఆధారమూ లేకపోయింది.

పార్లమెంటులో మూజువాణి ఓటు జరిగే తీరుకు ఈ అర్థం అచ్చంగా సరిపోతుంది. సభాపతి ప్రశ్నను సభ ముందు ఉంచి, అనుకూలురను ‘అవును’ అనమని, ప్రతికూలురను ‘కాదు’ అనమని అడిగి, చెవికి తోచినదాన్ని బట్టి అనుకూలురదే మెజారిటీ అని ప్రకటిస్తారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే తీర్మానం నెగ్గినట్టే. సభా కార్యకలాపాల నివేదికలో ఆమోదం పొందిందన్న వాక్యం ఉంటుంది గాని ఎవరు ఎటు పలికారన్నది ఉండదు. ఎవరైనా అభ్యంతరం చెప్పి డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరితే, లోక్‌సభ నిబంధనల ప్రకారం లాబీలను ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాల తరువాత ప్రశ్నను మళ్లీ సభ ముందు ఉంచాలి. అప్పుడు జరిగే ఓటింగులో పేరుపేరునా నమోదు ఉంటుంది. అయితే డివిజన్‌ను అనవసరంగా అడిగారని సభాపతి భావిస్తే, సభ్యులను నిలబెట్టి తలలు లెక్కించి ఊరుకోవచ్చు. అప్పుడు కూడా పేర్లు రికార్డుకెక్కవు.

తెలుగు ఇళ్లలో ఈ మాట మారుమోగింది 2014లో. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలోనూ, 20న రాజ్యసభలోనూ మూజువాణి ఓటుతోనే ఆమోదం పొందింది. రాష్ట్ర విభజన మంచిచెడ్డలు ఈ చర్చకు సంబంధించినవి కావు. కానీ అటువైపు వారికైనా ఇటువైపు వారికైనా, తమ సభ్యుడు ఆ రోజు ఏ పక్షాన ఓటు వేశాడో చూపే అధికారిక జాబితా నేటికీ లేదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద ప్రతిపక్షాలు డివిజన్ కోరితే, అడిగిన సభ్యులు తమ స్థానాల్లో లేరని ఉపసభాపతి నిరాకరించారు. ఆ చట్టాల రద్దు బిల్లు కూడా 2021 నవంబరు 29న ఉభయ సభల్లోనూ మూజువాణి ఓటుతోనే గట్టెక్కింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం 2018 మార్చి 14. ఆ రోజు లోక్‌సభ ఆర్థిక బిల్లును గందరగోళం మధ్య, చర్చ లేకుండా, మూజువాణి ఓటుతో ఆమోదించింది. అందులో విదేశీ విరాళాల చట్టానికి చేసిన ఒక చిన్న సవరణ ఉంది. కంటికి కనిపించే మార్పు ఒక తేదీ మాత్రమే. విరాళం ఇచ్చేవారిలో ఎవరిని విదేశీ దాతగా లెక్కించాలన్న నిర్వచనానికి 2016లో ఇచ్చిన సడలింపును ఆ తేదీ 1976 ఆగస్టు 5 దాకా వెనక్కి జరిపింది, అంటే పాత విరాళాలకూ అది వర్తించేలా చేసింది. అంతకుముందు 2014లో ఢిల్లీ హైకోర్టు భాజపా, కాంగ్రెస్ రెండూ విరాళాల విషయంలో ఆ చట్టాన్ని ఉల్లంఘించాయని తీర్పు చెప్పి ఉంది. పార్టీల మీద ఉన్న తప్పును కడిగివేసే నిబంధనను పార్టీలే చేసుకున్నప్పుడు, దానికి ఎవరు ఔనన్నారో పేర్లతో తెలియవలసిన హక్కు మనకు లేదా?

ఒక మాట న్యాయంగా చెప్పాలి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం, విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేసినా, అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ పదిహేను రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. డివిజన్‌లో పేరు పడుతుంది కనుక ఆ భయం ఉంటుంది. మూజువాణిలో పెదవి కదపకుండా కూర్చున్నవాడిని పట్టుకోవడం కష్టం. అంటే ఈ పద్ధతి సభ్యుడిని ఓటరు కంటి నుంచే కాక పార్టీ కంటి నుంచి కూడా కొంత దాచగలదు. అయినా సభ్యుడిని ఎన్నుకొని పంపిన ఓటరుకు జరిగే నష్టమే పెద్దదని నా అభిప్రాయం.

లాబీయింగ్‌కు (చట్టాలు చేసేవారిని తమ వైపు తిప్పుకునే ప్రయత్నానికి) పైరవీ అన్న మాట సరిపోతుందా అని అడిగినవారికి: పైరవీ అంటే పారసీకంలో వెంట నడవడం. పనికోసం పెద్దవాళ్ల వెంట తిరగడం అన్న మన అర్థం అక్కడి నుంచే వచ్చింది కనుక మాట బాగా అతుకుతుంది. కాకపోతే మన దేశంలో లాబీయిస్టులను నమోదు చేసే చట్టం ఏదీ లేదు కాబట్టి, ఏ సవరణ వెనుక ఎవరి పైరవీ ఉందో కాగితం మీద కనిపించదు. అదీ ఒక రకంగా మూజువాణే.

కాబట్టి హిందీ పత్రికల ‘ధ్వనిమత్’ను అనుసరించి ‘ధ్వనిమతం’ అని రాద్దామన్న సూచనను నేను అంగీకరించలేను. ధ్వని గొంతు ఎంత పెద్దదో చెబుతుంది. మూజువాణి కాగితం లేదని చెబుతుంది. ఇక డివిజన్‌ను ‘విభజన’ అని అనువదిస్తే 2014 బిల్లు దగ్గరే అయోమయంలో పడతాం. నేను ‘పేర్ల నమోదు ఓటు’ అని వాడుతున్నాను. ఇంతకంటే పొట్టి మాట ఎవరికైనా తడితే చెప్పగలరు.